మీ ఉత్తరం ఫైలు కోసమా, మనిషి కోసమా?

రెండు తెలుగు రాష్ట్రాల జిల్లా కలెక్టర్లకు, శాఖాధిపతులకు, వారి కార్యాలయాల్లో ఉత్తరాలు రాసే, దిద్దే, సంతకం పెట్టే ఉద్యోగులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

ఫైళ్ల ఆలస్యం గురించీ, లంచాల గురించీ మీకు రాసేవాళ్లకు కొదవ లేదు. మేం రాస్తున్నది అంతకన్నా చిన్న విషయం. సకాలంలో, నియమాల ప్రకారం, ఏ దురుద్దేశమూ లేకుండా పంపిన ఉత్తరం కూడా అందుకున్న మనిషి చేతిలో పనికిరాకుండా ఎందుకు పోతుందో, దాన్ని ఎలా దిద్దాలో చెప్పడానికే ఈ లేఖ.

ముందు ఒక నమూనా. ఇది మేం తయారుచేసిందే, ఏ కార్యాలయానిదీ కాదు. అయినా మండల కార్యాలయాల భాష తెలిసినవారు వెంటనే గుర్తుపడతారు:

"పై విషయమునకు సంబంధించి సూచిక 1 లోని తమ దరఖాస్తును పరిశీలించడమైనది. సూచిక 2 లోని నివేదిక ననుసరించి సదరు దరఖాస్తుకు అవసరమైన పత్రములు జతపరచనందున తదుపరి చర్య తీసుకొనుటకు వీలుపడదని, కావున సదరు పత్రములను నిర్ణీత గడువులోగా సమర్పించవలసినదిగానూ, లేనియెడల దరఖాస్తు తిరస్కరించబడునని ఇందుమూలముగా తెలియజేయడమైనది."

ఇందులో తప్పు ఎక్కడుందని అడిగితే చాలామంది "భాష పాతది" అంటారు. "విషయమునకు" తీసి "విషయానికి" అని, "పత్రములు" తీసి "పత్రాలు" అని పెడతారు. అలా దిద్దాక మళ్లీ చదివి చూడండి. ఏ పత్రాలు? గడువు ఎన్ని రోజులు? ఎక్కడ ఇవ్వాలి? అసలు దరఖాస్తు బతికుందా, పోయిందా? ఒక్కదానికీ జవాబు లేదు. "వీలుపడదు" దగ్గర పోయిందనిపిస్తుంది, "సమర్పించవలసినది" దగ్గర బతికుందనిపిస్తుంది, "తిరస్కరించబడును" దగ్గర మళ్లీ అనుమానం మొదలవుతుంది.

రెటరిక్, అంటే మాటతో పని సాధించే శాస్త్రం, అనగానే మనకు ఉపన్యాసాలు, అలంకారాలు గుర్తొస్తాయి. గత అరవై డెబ్బై ఏళ్లలో ఆ శాస్త్రం చాలా దూరం వచ్చింది. అమెరికన్ పండితుడు లాయిడ్ బిట్జర్ 1968లో ఒక సంగతి సూటిగా చెప్పాడు: మాట పుట్టడానికి ముందే ఒక పరిస్థితి ఉంటుంది. అందులో తీరాల్సిన ఒక అవసరం, ఆ అవసరాన్ని తీర్చగల మనిషి, ఆ మనిషికీ మనకూ ఉన్న పరిమితులు ఉంటాయి. వినేవాళ్లంతా శ్రోతలు కారు. మార్పు తేగలిగినవాడే అసలు శ్రోత. పై నమూనాకు ఈ కొలత పెట్టండి. తీరాల్సిన అవసరం: రెండు కాగితాలు తక్కువయ్యాయి. తీర్చగలిగింది దరఖాస్తుదారు ఒక్కరే. పరిమితులు: కూలిపని మానుకుని రావాలి, చదివిపెట్టడానికి ఇంకొకరు కావాలి, బస్సు రెండు పూటలే ఉంది. ఉత్తరంలో ఈ మూడింటి జాడే లేదు.

మరి ఆ మాటలన్నీ ఎవరి కోసం? "సూచిక 1, సూచిక 2" ఫైలు కోసం. "నివేదిక ననుసరించి" పై అధికారి కోసం, ఆడిట్ కోసం. "ఇందుమూలముగా తెలియజేయడమైనది" రేపెప్పుడో కోర్టులో చూపించడం కోసం. కనబడని ఈ ముగ్గురు పాఠకులూ కార్యాలయం చుట్టూ ఉన్నవారే. చిరునామాలో పేరున్న నాలుగో మనిషి కోసం రాసిన మాట ఒక్కటీ లేదు. రాసే ప్రతి ఒక్కరూ తమ శ్రోతను ముందు మనసులో కల్పించుకుంటారని తత్వవేత్త చైమ్ పెరెల్మాన్ 1958లోనే అన్నాడు. మన గుమాస్తా మనసులో కూర్చున్న శ్రోత ఆడిటర్. గుమాస్తాను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. ఉత్తరం అర్థం కాలేదని ఎవరికీ మెమో రాదు. సూచిక రాయలేదంటే మాత్రం వస్తుంది.

కాబట్టి దిద్దుబాటులో మొదటి పని విడదీయడం. కాగితం ఏ క్రమంలో వచ్చింది, ఎవరు నివేదిక ఇచ్చారు, ఎవరు ఏ తేదీన చూశారు, ఇవన్నీ కార్యాలయం లోపలే ఉండే నోట్‌ఫైలుకు చెందినవి. వాటిని అక్కడే ఉంచండి. ఉత్తరం నెత్తిన ఆర్.సి. నంబరు (ఫైలు నంబరు) ఉంటే రెండింటినీ కలిపే దారం తెగదు. అమెరికన్ రచనా పరిశోధకురాలు లిండా ఫ్లవర్ 1979లో 'రాసేవాడి గద్యం' అని ఒక మాట వాడింది. రాసేవాడు తనకు విషయం తెలిసిన వరసలోనే చెప్పుకుపోతాడు, చదివేవాడికి కావాల్సిన వరసలో కాదు. మన ఉత్తరాల్లో "సూచిక 1 లో ఇట్లు, సూచిక 2 లో అట్లు" అని సాగేది అచ్చంగా ఇదే.

ఇక్కడొక జాగ్రత్త ఉంది. వరసను ఫైలులో వదలవచ్చు, కారణాన్ని వదలకూడదు. మొహిందర్ సింగ్ గిల్ కేసులో సుప్రీంకోర్టు 1977లో ఈ సంగతి తేల్చేసింది: చట్టం ఇచ్చిన అధికారంతో జారీచేసిన ఉత్తర్వు నిలబడుతుందా లేదా అన్నది అందులో రాసిన కారణాలను బట్టే చూస్తారు. తర్వాత అఫిడవిట్ వేసి కొత్త కారణాలు జోడిస్తామంటే కుదరదు. అంటే ఆడిటర్ కోసం, కోర్టు కోసం అనుకుని నింపే సూచికల వల్ల మీకు రక్షణ ఏమీ రాదు. రక్షణ వచ్చేది సరిగ్గా రాసిన కారణంతోనే, చదివే మనిషికీ కావాల్సింది అదే.

పై నమూనాను ఇలా మార్చవచ్చు:

"మీ నాన్నగారి పేరున సర్వే నంబరు ____లో ఉన్న భూమిని మీ పేరుకు మార్చమని మీరు ____ తేదీన దరఖాస్తు పెట్టారు. అది మా దగ్గర పెండింగులో ఉంది, తిరస్కరించలేదు. దాన్ని పూర్తిచేయడానికి మీ నుంచి రెండు కాగితాలు కావాలి: మీ నాన్నగారి మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం. ఒక్కోదానికి ఒక జిరాక్సు ఇచ్చి, అసలు కాగితాలు చూపించండి. ఈ ఉత్తరం మీకు అందిన మర్నాటి నుంచి 15 రోజుల్లోపు తహసీల్దారు కార్యాలయంలో ____ సెక్షన్‌లో ఇచ్చి రశీదు తీసుకోండి. ఆలోగా ఇవ్వలేకపోతే ఎందుకో ఒక కాగితం మీద రాసి అక్కడే ఇవ్వండి. కాగితాలూ రాక, కారణమూ తెలియకపోతే దరఖాస్తును తిరస్కరిస్తాం."

15 రోజులన్నది ఉదాహరణకే. మీ నియమం ఏ గడువు చెబితే అదే రాయండి. ఇది పాతదానికన్నా పొడవు. సరళంగా రాయడమంటే కురచగా రాయడమే అనుకునేవారికి నచ్చకపోవచ్చు. కానీ ఇది చేతికందిన మనిషి "ఇందులో ఏముంది సార్" అని అడగడానికి ఒకసారి, కాగితాలు ఇవ్వడానికి ఇంకోసారి రానక్కరలేదు. మీ సెక్షన్ ముందు క్యూ కూడా ఆ మేరకు తగ్గుతుంది.

ఈ కొత్త రూపం ఎందుకు పనిచేస్తుందో చెప్పే పరిశోధన ఒకటుంది. 1980ల మొదట్లో ఫ్లవర్, ఆమె సహచరులు అమెరికాలో చిన్న వ్యాపారాలకు సంబంధించిన ప్రభుత్వ నియమాలను కొందరి చేత బిగ్గరగా చదివించి, చదువుతూ ఏమనుకుంటున్నారో పైకి చెప్పమన్నారు. "అర్హత", "నిర్వచనం" లాంటి నామవాచకాల కింద పేర్చిన నియమాలను పాఠకులు తమలో తాము "అంటే, నాకొక దుకాణం ఉందనుకో, నేను ఫలానాది చేస్తే..." అని కథగా మార్చుకుంటున్నారు. ఎవరు, ఏం, ఎప్పుడు అన్నది వాళ్లే పూరించుకుంటున్నారు. తప్పులు దొర్లేదీ అక్కడే. మనం ఆ కథను ముందే రాసి ఇస్తే ఊహించే పని వాళ్లకుండదు. మన ఊళ్లలో దండోరా వేసేవాడికి ఈ విద్య ఎవరూ నేర్పలేదు, కానీ వచ్చు. ఎవరు, ఎక్కడికి, ఏ రోజు, ఏం పట్టుకుని రావాలో చెప్పి ముందు వీధికి పోతాడు.

తర్వాతి సంగతి కారణాలు. సమాచార హక్కు చట్టం కింద ఇచ్చే తిరస్కరణలే దీనికి మంచి పాఠం. "తాము కోరిన సమాచారం దర్యాప్తులో ఉన్నందున సెక్షన్ 8(1)(హెచ్) ప్రకారం ఇవ్వడానికి వీలుపడదు" అన్నది అరిగిపోయిన వాక్యం. తత్వవేత్త స్టీఫెన్ టూల్మిన్ 1958లో వాదాన్ని భాగాలుగా విప్పి చూపించాడు. ఒక తీర్మానం ఉంటుంది, దానికి ఆధారంగా ఒక వాస్తవం ఉంటుంది, ఆ వాస్తవం నుంచి ఆ తీర్మానానికి దాటించే వంతెన ఒకటి ఉంటుంది. ఇక్కడ తీర్మానం: సమాచారం ఇవ్వం. వాస్తవం: దర్యాప్తు నడుస్తోంది. వంతెన లేదు. ఈ కాగితం బయటికి వస్తే ఆ దర్యాప్తుకు ఏ అడ్డంకి వస్తుందో చెప్పలేదు. చట్టం మినహాయించింది దర్యాప్తులో ఉన్న సమాచారాన్నంతా కాదు, దర్యాప్తుకు ఆటంకం కలిగించే సమాచారాన్నే. దర్యాప్తు ఉందన్నంత మాత్రాన చాలదని, ఎలా ఆటంకమో చూపించాలని ఢిల్లీ హైకోర్టు భగత్ సింగ్ కేసులో 2007లోనే చెప్పింది. అప్పీలులో ఆ నిరాకరణ న్యాయమైనదని రుజువు చేసే బరువు అదే సమాచార హక్కు చట్టం సెక్షన్ 19(5) ప్రకారం సమాచార అధికారి మీదే ఉంటుంది. వంతెన ఇవాళ కట్టకపోతే రేపు అప్పీలులో కట్టమంటారు.

దిద్దే పద్ధతి ఇది. "ఎందుకంటే" అన్న మాట రాసి దాని తర్వాత వాక్యం పూర్తిచేయండి. "ఈ జాబితాలో ఇంకా విచారించాల్సిన సాక్షుల పేర్లున్నాయి. అవి ముందే బయటపడితే వారి మీద ఒత్తిడి రావచ్చు" అని రాయగలిగారంటే కారణం ఉన్నట్టే. పూర్తిచేయలేకపోతే సమస్య భాషది కాదు, నిర్ణయానిది. సమాచారం ఇచ్చేయాలి. ఇంకొక ప్రశ్న: మొత్తం కాగితం ఇవ్వకూడనిదా, అందులో రెండు పేజీలేనా? రెండు పేజీలే అయితే వాటిని వేరుచేసి మిగతాది ఇవ్వమనే సెక్షన్ 10 అంటుంది. ఇక సెక్షన్ 7(8) ప్రకారం తిరస్కరణ ఉత్తరంలో మూడు ఉండాలి: కారణం, అప్పీలుకు గడువు, అప్పీలు అధికారి వివరాలు. "నిర్ణీత గడువులోగా సంబంధిత అప్పీలు అధికారికి" అని రాస్తే మూడూ రాసినట్టు కనిపిస్తుంది, ఏదీ రాసినట్టు కాదు. "30 రోజుల్లోపు", ఆ అధికారి హోదా, కార్యాలయం ఉన్న వీధి, పిన్‌కోడ్ రాయండి. నమూనాలో ఒక్కసారి టైపు చేసుకుంటే అధికారి మారినా హోదా మారదు.

షోకాజు నోటీసుల్లో, అంటే సంజాయిషీ అడిగే నోటీసుల్లో, లోపం వేరే రకం. "తమరు విధి నిర్వహణలో నిర్లక్ష్యం వహించినారు. కావున తమపై చర్య ఎందుకు తీసుకోరాదో తెలుపగలరు." మొదటి వాక్యంలోనే తీర్పు అయిపోయింది, సంజాయిషీ అడగడం లాంఛనం. తెలుగులో ఈ తప్పును దిద్దడానికి ఒక్క "అని" చాలు. "మీరు ఫలానా తేదీల్లో విధులకు రాలేదని హాజరుపట్టీని బట్టి తెలుస్తోంది" అంటే అది ఆరోపణ, దానికి ఆధారమూ అక్కడే ఉంది. ఆ "అని" లేకపోతే అది నిర్ధారణ. నోటీసు దశలోనే మనసు మూసుకున్నట్టు రాయకూడదని సుప్రీంకోర్టు 2010లో ఓరిక్స్ ఫిషరీస్ కేసులో చెప్పింది. కాంట్రాక్టరును బ్లాక్‌లిస్టులో పెట్టేటప్పుడు ఆ ప్రతిపాదన నోటీసులోనే తెలియాలని 2014లో గోర్ఖా సెక్యూరిటీ కేసులో చెప్పింది. "తగు చర్య" అన్న మాట అక్కడ నిలవదు. ఏ చర్య అన్నది రాయాలి.

గడువుల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నష్టం ఎక్కువగా జరిగేది అక్కడే. ఉత్తరం మీద 3వ తేదీ ఉంటుంది. సంతకమై, నంబరు పడి, డిస్పాచ్ అయ్యేది 11న. అవతలివారికి అందేది 19న. లోపల "ఈ ఉత్తరం తేదీ నుండి 15 రోజులలోగా" అని ఉంటే ఆయన చేతిలోకి వచ్చేసరికి గడువు ముగిసిపోయింది. "అందిన నాటి నుండి" అని రాసినా, అందిన రోజు లెక్కలోకి వస్తుందా రాదా అన్న సందేహం మిగులుతుంది. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం సెక్షన్ 9 ప్రకారం కేంద్ర చట్టాల్లో "నుంచి" అన్నచోట మొదటి రోజును వదిలేస్తారు. చివరి రోజు కార్యాలయానికి సెలవైతే తర్వాతి పనిదినాన చేయవచ్చని సెక్షన్ 10 చెబుతుంది. ఇవి మీకు తెలుసు, చదివేవారికి తెలియవు. నోటీసు అడుగున చిన్న గడి పెట్టండి: "ఈ నోటీసు అందిన తేదీ ____, జవాబు ఇవ్వడానికి చివరి తేదీ ____". నోటీసు తీసుకెళ్లిన ఉద్యోగి రెండు ప్రతుల్లోనూ అక్కడే పెన్నుతో నింపి, ఒకటిచ్చి, ఇంకోదాని మీద సంతకం తీసుకుంటాడు. పోస్టులో వెళ్లేవాటికి ఈ గడి కుదరదు, అక్కడ "అందిన మర్నాటి నుంచి" అన్న మాటే దిక్కు.

ఇక భాష. దీన్ని చివరికి నెట్టడానికి కారణముంది. రాయడంలో చెయ్యి తిరగనివారు దిద్దమంటే మాటలు మారుస్తారని, తిరిగినవారు మొత్తం ఆకారాన్నే మారుస్తారని రచనా పరిశోధకురాలు నాన్సీ సామర్స్ 1980లో చూపించింది. మన సూపరింటెండెంట్లు డ్రాఫ్టు మీద ఎర్ర సిరాతో "చేయవలెను"ను "చేయవలసినదిగా" అని మార్చడం మొదటి రకం. ముందు ఆకారం కుదరాలి, తర్వాతే మాటలు.

తెలుగులో క్రియ చివర వస్తుంది. అవునో కాదో చెప్పేది చివరి అక్షరాలే: "ఇవ్వబ" దాకా విన్నా "డును" వస్తుందో "డదు" వస్తుందో తెలియదు. అందుకే పాతిక మాటల వాక్యం తెలుగులో మరీ బరువు. పన్నెండు, పదిహేను మాటల దగ్గర ఆపి, క్రియ పెట్టి, కొత్త వాక్యం మొదలుపెట్టండి. "తెలియజేయడమైనది", "ఆదేశించడమైనది" అన్న రూపాల్లో చేసినవారు మాయమైపోతారు. "తహసీల్దారు ఆదేశించారు" అనండి, లేదా "మేం కోరుతున్నాం" అనండి. "సదరు" కనిపించినచోటల్లా అది దేన్ని చూపిస్తోందో ఆ పేరే రాయండి. "తమరు" బదులు "మీరు" అంటే మర్యాద ఏమీ తగ్గదు.

దీనికి ఎదురు తప్పు కూడా జరుగుతోంది. సరళం చేస్తున్నామని "అప్పీలు"ను "ఫిర్యాదు" చేసేస్తున్నారు. సమాచార హక్కు చట్టంలో ఫిర్యాదు సెక్షన్ 18 కింద, అప్పీలు సెక్షన్ 19 కింద. రెండూ వేర్వేరు దారులు. "విచారణ", "దర్యాప్తు" కూడా ఒకటి కాదు. చట్టం పట్టుకున్న మాటను మార్చవద్దు, పక్కన ఒక చిన్న వాక్యంలో వివరించండి. రశీదు, జిరాక్సు, ఖాతా, పెండింగు లాంటివి జనం నోట్లో ఉన్న మాటలే. వాటికి సంస్కృత సమాసాలు వెతకనక్కరలేదు.

అధికార భాషా చట్టం వచ్చింది 1966లో. అయినా చాలాచోట్ల ముందు ఇంగ్లీషులో రాసి, తర్వాత తెలుగు చేసే అలవాటు పోలేదు. "బడు" ప్రయోగాలు చాలావరకు ఆ దారినే వచ్చాయి. తెలుగు పాఠకుడికి వెళ్లే ఉత్తరాన్ని తెలుగులోనే మొదలుపెట్టండి. (ఇంకొక చిన్న మాట: అను ఫాంటుల్లో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) దాచుకున్న పాత నమూనాలను ఈ-ఆఫీస్‌లో అతికిస్తే అక్షరాలు చిందరవందర అవుతాయి. వాటిని మార్చుకునే కష్టం కన్నా యూనికోడ్‌లో కొత్తగా రాసుకోవడమే మేలు. తిరగరాయడానికి ఒక సాకూ దొరుకుతుంది.)

ఇదంతా ప్రజలకు వెళ్లే కాగితాల గురించే అనుకోవద్దు. ఒక కార్యాలయం నుంచి ఇంకో కార్యాలయానికి వెళ్లే మెమోకూ ఇదే వర్తిస్తుంది. అమెరికాలో త్రీ మైల్ ఐలండ్ అణు రియాక్టరును తయారుచేసిన సంస్థలో బర్ట్ డన్ అనే ఇంజనీరు 1978 ఫిబ్రవరిలో ఒక మెమో రాశాడు. అత్యవసర శీతలీకరణ నీటిని ఆపరేటర్లు తొందరపడి ఆపకూడదు, ఆ మేరకు సూచనలు మార్చాలి అన్నది సారాంశం. ఆ తర్వాత సంస్థలో చేతులు మారిన మెమోల్లో అదే విషయం ఇంకా తేలని ఒక సాంకేతిక ప్రశ్నగా మారిపోయింది. సూచన ఆపరేటర్లకు చేరలేదు. 1979 మార్చి 28న ప్రమాదం జరిగినప్పుడు వాళ్లు ఆ నీటిని తగ్గించేశారు. మన మెమోల్లో "తగు చర్య నిమిత్తం" అన్న మాట చేసే పనీ ఇదే. "విషయం" అన్నచోట "చెరువు కట్ట గురించి" అని రాయకండి, "చెరువు కట్టకు గండి: 12వ తేదీలోపు ఇసుక బస్తాలు పంపాలి" అని రాయండి. పంపాల్సింది ఏ అధికారో హోదాతో సహా మొదటి వాక్యంలో ఉండాలి.

దిద్దింది సరిపోయిందో లేదో మీ సెక్షన్‌లో కూర్చుని తేల్చలేరు, మీకు జవాబు ముందే తెలుసు కాబట్టి. ఐదుగురికి చూపించండి. ఇద్దరు ఆ పని మీద వచ్చిన దరఖాస్తుదారులు. ఒకరు ఇంట్లో పెద్దలకు ఉత్తరాలు చదివిపెట్టే వయసు పిల్ల లేదా పిల్లవాడు. ఒకరు మీసేవ కేంద్రంలో పనిచేసేవారు. ఒకరు వేరే సెక్షన్ ఉద్యోగి. బిగ్గరగా చదవమనండి. మధ్యలో నోరు విప్పి వివరించకండి, అది అన్నిటికన్నా కష్టమైన భాగం. ఎక్కడ ఆగారో, ఎక్కడ వెనక్కి వెళ్లి మళ్లీ చదివారో మీ ప్రతిలో గీత పెట్టుకోండి. తర్వాత కాగితం తీసేసుకుని మూడు ప్రశ్నలు అడగండి: ఏం జరిగింది? ఇప్పుడు మీరేం చేయాలి? చేయకపోతే ఏమవుతుంది? ఇద్దరు ఒకేచోట తడబడితే తప్పు వాళ్లది కాదు, వాక్యానిది. "అర్థమైందా?" అని మాత్రం అడగొద్దు. ఆఫీసులో ఎవరూ అర్థం కాలేదని చెప్పరు.

తర్వాత ఒకరు చదువుతుంటే ఇంకొకరు వినాలి. మన ఊళ్లలో ఉత్తరాన్ని చాలామంది చదివించుకుని వింటారు. బ్రాకెట్లు, సెక్షన్ నంబర్ల వరసలు చెవికి ఎక్కవు. వాటిని ఉత్తరం అడుగున ఒకచోట పెట్టండి.

మేం మిమ్మల్ని అడిగేది పెద్ద సంస్కరణ కాదు. గుమాస్తా కొత్త ఉత్తరం రాసేటప్పుడు పాత ఫైలు తీసి దానిలాగే రాస్తాడు. అది బద్ధకం కాదు, ఆ ఉత్తరాల జాతి లక్షణం. రెటరిక్ పండితురాలు కరొలిన్ మిల్లర్ 1984లో చెప్పినట్టు ఒక రకం పత్రమంటే పదే పదే వచ్చే పరిస్థితికి పదే పదే ఇచ్చే స్పందన. అచ్చును కాపీ చేస్తే దానిలో పాత భయాలూ కాపీ అవుతాయి. కాబట్టి మనుషులకు శిక్షణ తరగతులు పెట్టేముందు అచ్చు మార్చండి. మీ కార్యాలయం నుంచి గత నెలలో ఎక్కువసార్లు వెళ్లిన ఐదు రకాల ఉత్తరాలు డిస్పాచ్ రిజిస్టరు చూస్తే తెలిసిపోతాయి. వాటిని పై పద్ధతిలో దిద్ది, న్యాయ విభాగానికి ఒకసారి చూపించి, పాతవాటిని కంప్యూటర్ల నుంచి తీసేయించండి. తీసేయకపోతే రెండు నెలల్లో పాతదే మళ్లీ వస్తుంది. వార్షిక తనిఖీ ప్రశ్నావళిలో ఒక్క ప్రశ్న చేర్చండి: ఈ ఉత్తరం అందుకున్నవారిలో ఎందరు దాని అర్థం అడగడానికి కార్యాలయానికి వచ్చారు? ఆ లెక్క పెట్టడానికి టప్పాల్ గుమాస్తా (వచ్చే ఉత్తరాలు తీసుకునే ఉద్యోగి) దగ్గర ఒక గీతల పుస్తకం చాలు.

ఐదూ ఒకేసారి కుదరకపోతే సమాచార హక్కు తిరస్కరణతో మొదలుపెట్టండి. అందులో ఏముండాలో చట్టమే రాసిపెట్టింది, పై అనుమతుల కోసం ఆగే పని లేదు.

ఇట్లు,
కార్యాలయ పత్రాలు దిద్దే పనిలో ఉన్న కొందరం